గుండ్రని స్తంభము, తిన్నని పలక

గది నేలకు టేకు పలకలు పరచు వడ్రంగికి నడుమ భాగములో కష్టమేమియు ఉండదు. చిక్కంతయు అంచులలోనే. గోడనుండి ముందుకు పొడుచుకొని వచ్చిన అర్ధస్తంభమో, ఎగుడుదిగుడు రాతిగోడయో అడ్డు తగిలినప్పుడు పలకను దానికి సరిగా అమరునట్లు కోయవలెను. తక్కువ కోసినచో మరల కోయవచ్చును. ఎక్కువ కోసిన పలక పొయ్యిలోనికే.

ఇందుకు కావలసిన పనిముట్టు విద్యార్థుల జామెట్రీ పెట్టెలోని కంపాసు వంటిదే, కాని పెద్దది. అర్ధస్తంభము వ్యాసార్ధము 15 సెం.మీ. అనుకొనుడు. పలకను గోడకు సమాంతరముగా, దాని అంచు స్తంభపు ముందరి బిందువును తాకునట్లు ఉంచవలెను. అది గోడను చేరుటకు ఇంకను 15 సెం.మీ. ముందుకు జరుగవలెను గదా! కంపాసును సరిగా అంతే తెరచి బిగించి, ముల్లును స్తంభము వెంబడి జరుపుచున్నచో పెన్సిలు పలకపై గీత గీయును. ఆ గీత వెంట కోసి పలకను ముందుకు నెట్టినచో అది స్తంభమును కౌగిలించుకొన్నట్లు కూర్చుండును. స్తంభమునకు బదులు వంకరటింకర రాయి ఉన్నను ఇదే పద్ధతి. వ్యాసార్ధముతోగాని కేంద్రముతోగాని పనిలేదు. కంపాసు తెరపు మాత్రము పలక జరుగవలసిన దూరమునకు సమానముగా ఉండవలెను.

అయితే ఒక షరతు కలదు. కొత్తవారు తరచుగా తప్పునది ఇక్కడనే. ముల్లు వంపు తిరుగుచున్నను కంపాసు తిరుగరాదు. రెండు కాళ్లను కలుపు రేఖ మొదటినుండి చివరివరకు గోడకు లంబముగానే ఉండవలెను. అప్పుడు స్తంభముమీది ప్రతి బిందువు ఒకే దిశలో, ఒకే దూరము జరుగును గనుక పలకమీది గీత అదే ఆకారము, అదే పరిమాణము గల ప్రతిబింబమగును.

కంపాసును స్తంభపు వంపుతోపాటు త్రిప్పినచో ఏమగును? పెన్సిలు స్తంభపు కేంద్రమునుండి ఎల్లప్పుడు 15 + 15 = 30 సెం.మీ. దూరమున ఉండును. అనగా రెట్టింపు వ్యాసార్ధముగల చాపము వచ్చును. పలక అంచు కేంద్రమునకు 15 సెం.మీ. దూరమున ఉన్నది, పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము ఆ చాపము అంచును తాకుచోట సగము వెడల్పు √(900 − 225), అనగా దాదాపు 26 సెం.మీ. కావలసినది 15 మాత్రమే. స్తంభము ముందర పలక చక్కగా ఆనును, గోడ దగ్గర మాత్రము ఇరువైపుల 11 సెం.మీ. చొప్పున సందు నోరు తెరచుకొని ఉండును.

ఇంత శ్రమపడి కుదిర్చిన పలకను బిగువుగా ఉంచుటయు పొరపాటే. వానకాలములో తలుపులు బిగుసుకొనుట అందరును ఎరిగినదే. పచ్చి టేకు పూర్తిగా ఎండునప్పటికి వార్షిక వలయముల వెంబడి సుమారు 5.8 శాతము, వ్యాసార్ధ దిశలో సుమారు 2.5 శాతము కుంచించుకొనును. పొడవున కలుగు మార్పు అత్యల్పము. ఈ కుంచించుకొనుట తేమ 30 శాతమునకు దిగిన పిమ్మటనే మొదలగును గనుక, వలయముల దిశలో తేమ ఒక్కొక్క శాతము మారినప్పుడు సుమారు 0.19 శాతము తేడా వచ్చును. 3 మీటర్ల వెడల్పు నేలలో తేమ 2 శాతము పెరిగినచో మొత్తము 11 లేక 12 మి.మీ. ఉబ్బు. ప్రక్కకు 6 మి.మీ. సందు వదలనిచో పలకలు నడుమ పైకి లేచును.

కనుక మొదటి గీతకు 6 మి.మీ. లోపలగా మరియొక గీత గీయవలెను. చిత్రమేమనగా, ఈసారి కంపాసును వంపుతోపాటు త్రిప్పుటయే సరియైనది! సందు అంతటను ఒకే వెడల్పున ఉండుటకు కావలసినది 15.6 సెం.మీ. వ్యాసార్ధముగల సమాంతర వక్రమే. ఆ సందును బెండుపట్టీతో నింపుదురు. అది నొక్కుకొని చెక్క ఉబ్బుటకు చోటిచ్చును.

గది మధ్యనున్న పూర్తి గుండ్రని స్తంభమునకు ఒక్క పలక చాలదు. వ్యాసము దాటిన పిమ్మట రంధ్రపు మూతి ఇరుకగును, పలక ప్రక్కనుండి లోనికి పోదు. రెండు పలకల అతుకు స్తంభపు వ్యాసముమీదనే పడునట్లు మొదటి పలక వేయకముందే వెడల్పులు లెక్కకట్టుకొని, ఒక్కొక్క పలకలో సగము చొప్పున కోయవలెను.