మంట లోపల మంట

వేలంలో కొన్న ఒలింపిక్ కాగడాను మళ్లీ వెలిగించుకోవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. మామూలుగా కుదరదు, గ్యాస్ డబ్బా తీసేసి ఇస్తారు. కానీ ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: పరుగెత్తుతుంటే, గాలి కొడుతుంటే అది ఆరిపోకుండా ఎలా వెలిగింది?

1936 బెర్లిన్ క్రీడల నుంచి మెగ్నీషియం, హెక్సమిన్ అనే ఘన ఇంధనపు బిళ్లలు, ఆలివ్ నూనె అన్నీ వాడి చూశారు. వాటి జోలికి పోకుండా నేరుగా 2000 సిడ్నీ కాగడా దగ్గరికి వెళ్దాం. ఆపెరా హౌస్ వంపును తలపించే దాని తొడుగునే అందరూ ఫొటో తీస్తారు. అసలు అద్భుతం లోపల ఉంది. ఇంధనం 65 శాతం బ్యూటేన్, 35 శాతం ప్రొపేన్. దాన్ని ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు మంటలుగా మండించారు. లోపలిది ముందే గాలి కలుపుకున్న నీలిమంట. తొడుగు చాటున ఉంటుంది కనుక గాలి దాన్ని తాకలేదు. బయటిది పసుపు మంట. గాలి దాన్ని ఊడ్చేసినా లోపలిది వెంటనే మళ్లీ అంటిస్తుంది.

మరి నీలిమంట ఒక్కటే చాలదా? పట్టపగలు అది కంటికి ఆనదు. పసుపు వెలుగు మసి వల్ల వస్తుంది. గాలి చాలనిచోట ఇంధనం విరిగి సూక్ష్మమైన కార్బన్ రేణువులవుతుంది, అవి కాగి మెరుస్తాయి. గ్యాస్ పొయ్యి మంట పసుపెక్కితే గిన్నె అడుగు నల్లబడేది ఆ రేణువులతోనే.

మంట వెలుగు ఘన రేణువులదేనని రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఎప్పుడో చెప్పాడు. మరో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ ఒప్పుకోలేదు. 1859లో భౌతిక శాస్త్రవేత్త టిండాల్‌తో కలిసి ఆల్ప్స్ పర్వతాల్లోని మోబ్లాఁ శిఖరం మీదికి కొవ్వొత్తులు మోసుకెళ్లి వెలిగించాడు! మైనం దాదాపు కొండ కింద ఉన్నప్పటిలాగే కరిగిపోతోంది, వెలుగు మాత్రం వెలవెలబోయింది. అందుకని వెలుగు చిక్కటి ఆవిరులదే తప్ప మసిది కాదని తర్వాత వాదించాడు. చూసింది నిజమే, తేల్చింది తప్పు: పీడనం తగ్గితే మసి పుట్టడమే తగ్గుతుంది. ఇంత అందమైన ప్రయోగం చేసినవాడు పొరబడటం నాకు ఇప్పటికీ బాధే.

మసి లేకపోతే ఏమవుతుందో 2020 టోక్యో క్రీడల్లో తెలిసింది, అక్కడ హైడ్రోజన్ వాడారు. అందులో కార్బన్ లేదు, మసి రాదు, మంట కనపడదు. అందుకే పెద్ద జ్యోతికి సోడియం కార్బొనేట్ చల్లి రంగు తెప్పించారు.

ఈ మంటల పరిశోధనకు వేరే ఉపయోగం అంటారా? అడిలైడ్ పరిశోధకుల బర్నర్లు సిమెంటు బట్టీల్లోనూ పనిచేశాయి. సిడ్నీ కాగడా కొనేవారు తొడుగు మీద గీతలు వెతకడం మాని, లోపల బర్నర్ ఉందా అని ముందు అడగండి.