హామ్ రేడియోతో పరిచయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• హామ్ రేడియో అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• క్లబ్బు శిబిరాల్లో పిల్లలకు ఏమి నేర్పుతారో వివరించగలుగుతారు.
• రేడియో తరంగం పొడవును లెక్కించగలుగుతారు.
• లైసెన్సు ఎవరు పొందవచ్చో తెలుసుకుంటారు.

1. పరిచయం

మీరు రేడియోలో వార్తలు, పాటలు వింటారు. అక్కడివారు మాట్లాడతారు, మనం వింటాం. తిరిగి జవాబు చెప్పలేం. అయితే విన్నవారు జవాబు కూడా చెప్పగల రేడియో ఒకటి ఉంది. అదే అమెచ్యూర్ రేడియో. దీనినే హామ్ రేడియో అంటారు. దీనిని నడిపేవారు హామ్‌లు. వీరు డబ్బు కోసం కాక, ఆసక్తి కొద్దీ ఈ పని చేస్తారు.

"ఇంటింటా సెల్‌ఫోను ఉండగా ఇదెందుకు?" అని మీకు అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు 2004లో జరిగిన ఒక సంఘటన జవాబు చెబుతుంది.

2. సునామీ నాటి సేవ

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున కొందరు హామ్‌లు అండమాన్ దీవులకు వెళ్ళారు. వారిలో భారతి ప్రసాద్ ఒకరు. దూరదేశాల హామ్‌లతో మాట్లాడడం కోసం వారు పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషను పెట్టుకున్నారు. (ఈ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.) డిసెంబరు 26 ఉదయం భూకంపం, ఆ వెంటనే సునామీ వచ్చాయి. టెలిఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆ హామ్‌ల రేడియో పనిచేసింది. దీవుల్లో ఉన్నవారు క్షేమమో కాదో ఇక్కడి బంధువులకు చెప్పడానికి అదే ఆధారమయింది.

ఇది ఎలా సాధ్యమయింది? సెల్‌ఫోను పనిచేయాలంటే టవరు నిలిచి ఉండాలి, దానికి కరెంటు ఉండాలి. హామ్ రేడియోకు 12 వోల్టుల కారు బ్యాటరీ, ఒక తీగ చాలు. పైగా షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలోని ఐనో ఆవరణం నుంచి వంగి మళ్ళీ నేలకు వస్తాయి. అందువల్ల మధ్యలో సముద్రం ఉన్నా మాట వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్ళగలదు.

3. శిబిరంలో ఏమి చేస్తారు?

హామ్ క్లబ్బులు అప్పుడప్పుడు పిల్లలకు, పెద్దలకు కలిపి శిబిరాలు నడుపుతాయి. స్కౌట్‌ల కోసం 1958 నుంచి 'జాంబొరీ ఆన్ ది ఎయిర్' జరుగుతోంది. ఇప్పుడు ఏటా అక్టోబరులో జరుపుతారు. ఇలాంటి శిబిరాల్లో సాధారణంగా ఉండే పనులు ఇవి.

(అ) పేరు చెప్పడం: గరగర శబ్దంలో బి, డి, పి ఒకేలా వినిపిస్తాయి. అందుకే బ్రేవో, డెల్టా, పాపా అంటారు. రమ అనే పాప తన పేరును ఇంగ్లీషు అక్షరాల్లో "రోమియో, ఆల్ఫా, మైక్, ఆల్ఫా" అని చెబుతుంది.

(ఆ) మోర్సు: చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి ఇది. మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్ళీ మూడు చుక్కలు అంటే ఆపదలో ఉన్నామని అర్థం. బ్యాటరీకి ఒక బజరు, ఒక స్విచ్చి కలిపితే దీనిని ఇంట్లోనే అభ్యసించవచ్చు.

(ఇ) దాచిన రేడియో వెతకడం: చిన్న ట్రాన్స్‌మిటరును ఎక్కడో దాస్తారు. ఏ దిక్కున శబ్దం గట్టిగా వస్తుందో చూస్తూ పిల్లలు దానిని పట్టుకుంటారు.

(ఈ) తీగ కొలవడం: దీనికి ఒక చిన్న సూత్రం కావాలి. 300ను పౌనఃపున్యంతో (మెగాహెర్ట్‌జ్‌లలో) భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్‌జ్‌లకు ఇది సుమారు 2 మీటర్లు. యాంటెనా అందులో సగం, అంటే ఇంచుమించు 1 మీటరు. టేపు పట్టుకుంటే పదేళ్ళ పిల్లవాడు కూడా కొలవగలడు.

4. లైసెన్సు

ప్రసారాలు వినడం వేరు, చేయడం వేరు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. అందుకే శిబిరంలో స్టేషను లైసెన్సు ఉన్న హామ్ అధీనంలోనే ఉంటుంది. మన దేశంలో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. 12 ఏళ్ళు దాటినవారు రాయవచ్చు. ఇంజనీరింగు డిగ్రీ అవసరం లేదు. 2009 సవరణతో లైసెన్సులు రెండు తరగతులయ్యాయి: రిస్ట్రిక్టెడ్, జనరల్. మొదటి దానికి మోర్సు పరీక్ష లేదు. లైసెన్సుతో పాటు ప్రతి హామ్‌కు సొంత పిలుపు గుర్తు వస్తుంది. హామ్ రేడియోలో వ్యాపారం చేయరాదు, పాటలు ప్రసారం చేయరాదు. రహస్యం కూడా ఉండదు, ఎవరైనా వినవచ్చు.

ఒక మాట గమనించండి. పిల్లల వెంట తోడుగా వెళ్ళే పెద్దలు చాలామంది వెనుక కుర్చీల్లోనే ఉండిపోతారు. మీరు అలా చేయకండి. మీ అమ్మాయి రాసే పరీక్షనే మీరూ రాయవచ్చు. బడి మధ్యలో ఆగిపోయినవారికి కూడా ఇది అందే చదువే. తుఫానుకు స్తంభాలు కూలిన రోజున మీ ఊరి కబురు బయటికి పంపగలిగేవారు మీ ఇంట్లోనే ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సునామీ వచ్చినప్పుడు టెలిఫోన్లు ఆగినా హామ్ రేడియో ఎందుకు పనిచేసింది?
2. 50 మెగాహెర్ట్‌జ్‌ల తరంగం పొడవు ఎంత?
3. మీ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అందులో బి, డి, పి ఉంటే వాటికి హామ్‌లు వాడే మాటలు చెప్పండి.

సమాధానాలు: 1. దానికి టవరు అక్కరలేదు. బ్యాటరీ, తీగ ఉంటే చాలు. 2. 6 మీటర్లు. 3. బ్రేవో, డెల్టా, పాపా.