కొల్లేటి పిల్లలు కొల్లేరు చూశారు

కైకలూరు: కొల్లేటి ఒడ్డున పుట్టి పెరుగుతున్న పిల్లలు కొల్లేరు చూడలేదంటే బయటి ఊళ్లవారు నమ్మరు. కాని మండవల్లి మండలంలోని లంక గ్రామాల్లో చాలామంది పిల్లల సంగతి అదే. ఇంటి ముందు చెరువు, ఇంటి వెనుక చెరువు, బడికి వెళ్లే దారికి రెండు పక్కలా చెరువులే. మేత బస్తాలు, ఏరియేటర్లు, కాపలా పాకలు చూస్తూ పెరిగిన ఈ పిల్లలకు సరస్సు అంటే పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే.

అటువంటి ఒక ఊరి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు ఈ శీతకాలంలో 6, 7 తరగతుల విద్యార్థులు 38 మందిని ఒక రోజు ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకువెళ్లారు. దూరం ఎక్కువ కాదు. ప్రయాణానికి ముందు జరిగిన మంతనాలు మాత్రం కొల్లేటి చేంతాడంత సాగాయి.

బస్సు కిరాయికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరికీ నీళ్ల భయమే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి ఇంకా ఎవరూ మరువలేదు. పైగా ఈ ఊరివారికి నీరు కొత్త కాదు, కొత్త కాదు కనుకనే దాని సంగతి తెలుసు. ఒక ముసలమ్మ మనవరాలిని పంపేది లేదని భీష్మించుకు కూర్చున్నది. సైన్సు మాస్టారు వెళ్లి ఆమె అరుగు మీద కూర్చుని, లైఫ్ జాకెట్ తొడగనిదే ఒక్క పిల్లనూ బోటు ఎక్కించబోమని మాట ఇచ్చారు. "మాట మీది, పిల్ల నాది మాస్టారూ" అంటూ చివరకు ఒప్పుకున్నది.

ఆ మాట ఆటపాక రేవులో నిలబడింది. అందరినీ ఒకే విడతలో ఎక్కించి త్వరగా ముగిద్దామని తోడు వచ్చిన పెద్దలు కొందరు తొందరపెట్టారు. మాస్టారు వినలేదు. మూడు విడతలు చేశారు. తొడిగిన ప్రతి జాకెట్‌నూ టీచరమ్మ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశారు. గడ్డం దాటి పైకి వస్తే అది వదులని లెక్క, మళ్లీ బిగించవలసిందే. ఒడ్డున మిగిలినవారికి ఇద్దరు పెద్దలు కాపలా. దీనితో గంటకు పైగా పట్టింది. పిల్లలు విసుక్కున్నారు. గంట పోతే పోయింది.

బోటు కదిలిన కొంతసేపటికి విసుగు ఎటు పోయిందో తెలియదు. అటవీశాఖవారు నీళ్లలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుకుని ఉన్నాయి. వీటినే పెలికాన్లు అంటారు. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం లోపలికి దూర్చి గొంతు సంచిలోని చేపను తింటున్నది. అది చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. కాగా ఏడో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం నవ్వలేదు. ఇక్కడ వీటిని ఎవరూ ఎందుకు తోలడం లేదని అడిగింది. వాళ్ల చెరువు మీద పక్షి వాలకుండా తండ్రి దారాలు కడతాడు, టపాకాయలు పేలుస్తాడు. పక్షి అంటే చేపల దొంగ అనే ఆ పిల్ల ఇంతవరకూ విన్నది.

పులిహోర, పెరుగన్నం తిన్నాక మాస్టారు టిఫిన్ గిన్నె మూత తీసి అదే కొల్లేరు అనుకోమన్నారు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లన్నీ ఇందులోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. మూతలో మట్టి గట్లు కట్టి నీళ్లు పోయించారు. నీరు నిలవడానికి చోటు చాలక అంచు దాటి పొర్లింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు తరువాత ఎటు వచ్చిందో పిల్లలకు చెప్పవలసిన పని లేకపోయింది. లంక గ్రామాలను చుట్టుముట్టిన ఆ నీటిని వారు కళ్లారా చూసినవారే.

అప్పుడే ఒక కుర్రవాడు లేచి, "మా తాత చెరువు కొట్టేసింది దీనికోసమేనా మాస్టారూ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు సిద్ధంగా లేదు. 1970 దశకంలో సహకార సంఘాలకు ఇక్కడ చేపల చెరువులు ఇప్పించింది ప్రభుత్వమే. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించిందీ ప్రభుత్వమే. 2006లో గట్లు కొట్టించిందీ అదే. 2008లో కాంటూరును మూడుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. అభయారణ్యం మాత్రం ఐదో కాంటూరు దగ్గరే ఉన్నది. ఈ మధ్యలో అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో. మాస్టారు ఇదంతా దాచకుండా చెప్పారు. నీటికి దారి కావాలి, తాతకు బతుకుతెరువూ కావాలి, రెండూ నిజమేనన్నారు. కుర్రవాడు తృప్తి పడినట్లు కనిపించలేదు. తాతను అడిగి వచ్చి మళ్లీ చెబుతానన్నాడు.

సాయంత్రం బస్సు కదిలే ముందు మూడుసార్లు తలలు లెక్కపెట్టారు. మూడుసార్లూ 38 వచ్చాకనే డ్రైవరు గేరు వేశాడు. పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకున్న పక్షుల పేర్లు పదకొండు. అందులో నాలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు, ఇంట్లో ముసలివాళ్లు పిలిచే పేర్లు. వాటి అసలు పేర్లేమిటో కనుక్కునే పని ఇప్పుడు సైన్సు మాస్టారి మీద పడింది. మార్చి దాటితే గూడబాతులు పలచబడతాయి కనుక, అంతకు ముందే ఐదో తరగతివారినీ తీసుకుపోవాలని ఊళ్లో తల్లులే ఆయన్ను అడుగుతున్నారు.