గేదెల దగ్గర నేర్చుకున్నా... అమెరికాలో మార్కులు పడ్డాయి!

‘‘ఇంజినీరింగ్ చదివించింది కుక్కలకి ఇంజెక్షన్లు చేయడానికా?’’ విషయం చెప్పగానే అమ్మ అన్న మాట ఇది. నాన్న అసలేమీ మాట్లాడలేదు. అత్తయ్యగారైతే ‘‘జీతం ఎంతిస్తారమ్మా?’’ అని సూటిగా అడిగేశారు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే చాలా తక్కువే. ఆ మాట ఇంట్లో అందరికీ దాచకుండా చెప్పాకే చేరా.

నేనుండేది టెక్సస్‌లో. పెళ్లయి వచ్చాక నాలుగేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నా. మావారి గ్రీన్‌కార్డు పని కాస్త ముందుకు కదిలి, నాకు వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి నేర్చుకున్న కోడింగ్ పాతబడిపోయింది. మిగిలిందల్లా చిన్నప్పటి నుంచీ ఉన్న పశువుల అలవాటే. మా ఇంట్లో నాలుగు గేదెలుండేవి. బడి నుంచి రాగానే కుడితి పెట్టడం నా డ్యూటీ. అందుకే వెటర్నరీ టెక్నీషియన్ కోర్సు గురించి చదవగానే మనసు అటు లాగింది. ఇంట్లో చిన్నపిల్లాడు. రోజూ కాలేజీకి వెళ్లడం కుదరదు. దాంతో దూరవిద్యలో చేరా.

డాక్టర్‌కి కుడిభుజం

రక్తం తీయడం, ల్యాబ్ పరీక్షలు, ఎక్స్‌రే, పళ్లు శుభ్రం చేయడం, ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మత్తులో ఉన్న ప్రాణి గుండె, ఊపిరి గమనిస్తూ ఉండటం... ఇవన్నీ టెక్నీషియన్ పనులు. జబ్బేంటో తేల్చడం, మందు రాయడం, ఆపరేషన్ చేయడం మాత్రం డాక్టర్ పనే.

సాధారణంగా ఇది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. ఇల్లూ ఉద్యోగం చూసుకుంటూ దూరవిద్యలో చదివితే ఇంకా ఎక్కువ టైమే పడుతుంది. చేరేముందు తప్పకుండా చూడాల్సింది అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు. పర్డ్యూ యూనివర్సిటీ, శాన్ వాన్ కాలేజ్, పెన్ ఫోస్టర్ లాంటివి ఆ గుర్తింపుతో దూరవిద్య కోర్సులు నడుపుతున్నాయి. గుర్తింపు లేని కోర్సు చదివితే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దారే మూసుకుపోతుంది.

ముందు బోన్లు కడుగు!

పాఠాలు ఆన్‌లైన్‌లోనే. కానీ పిల్లి మెడ దగ్గర సిర నుంచి రక్తం తీయడం వీడియో చూస్తే వచ్చేస్తుందా? దగ్గర్లోని క్లినిక్‌ని ఒప్పించుకుని, అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో ఒక్కో పనీ చేసి చూపించాలి. మా కోర్సులో అయితే వీడియో తీసి పంపాలి. ఆరు క్లినిక్‌లు కుదరదన్నాయి. ఏడో చోట డాక్టరమ్మ ‘‘రేపు ఏడింటికి వచ్చెయ్. ముందు బోన్లు కడగాలి’’ అన్నారు. నెల రోజులు కడిగా.

ఈ చదువు కుక్కలూ పిల్లులతో అయిపోదు. ఆవులూ గుర్రాలూ ఉంటాయి. ఓ డెయిరీ ఫామ్‌కి వెళ్లినప్పుడు మాతో వచ్చినవాళ్లు ఆవు వెనక్కి వెళ్లడానికి జంకారు. నేను పక్కనుంచి వెళ్లి, వీపు మీద చెయ్యేసి నిమిరి, తోక పైకెత్తి పట్టుకున్నా. తోక కింది సిర నుంచి మొదటిసారికే రక్తం వచ్చేసింది. ఆ వీడియో నాన్నకి పంపా. ‘‘తోక అంత గట్టిగా పట్టకూడదమ్మా’’ అంటూ వాయిస్ మెసేజ్ పెట్టారు. నా చదువు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. ఇప్పటికీ దాన్ని డిలీట్ చేయలేదు.

ఏడిపించే రోజులూ ఉంటాయి

బాగుచేయలేని జబ్బుతో బాధపడే కుక్కకి నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చేది డాక్టరే. సూది గొట్టం అమర్చేది, చివరిదాకా తల నిమురుతూ ఉండేది మాత్రం టెక్నీషియనే. మొదటిసారి ఓ ముసలాయన పెంచుకున్న లాబ్రడార్‌ని అలా పట్టుకున్నా. ఆయన వెళ్లిపోయాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చా. పది నిమిషాల్లో టీకా కోసం ఓ కుక్కపిల్ల వచ్చింది. మొహం కడుక్కుని బయటికొచ్చా. ఈ పనికి జీతం ఎందుకు తక్కువో నాకిప్పటికీ అర్థం కాదు.

మీకూ ఆసక్తి ఉందా?

కోర్సయ్యాక జాతీయ పరీక్ష రాయాలి. 3 గంటలు, 170 ప్రశ్నలు. వాటిలో 150కే మార్కులు. మిగతా 20 ప్రయోగాత్మకంగా ఇచ్చేవి, అవేవో మనకి చెప్పరు. స్కోరు 200 నుంచి 800 దాకా ఉంటుంది, 425 వస్తే పాస్. ఆపైన రాష్ట్రాన్ని బట్టి లైసెన్సు నిబంధనలు మారతాయి. డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు. కానీ వర్క్ పర్మిట్ లేకపోతే క్లినిక్‌లో అడుగుపెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

మన దగ్గర దారి వేరు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమాలు నడుపుతున్నాయి. రెండేళ్లు కాలేజీకి వెళ్లి చదవాలి. ‘ఇంట్లో కూర్చుంటే ఆర్నెల్లలో పశువైద్య సర్టిఫికెట్’ అని ప్రకటన కనిపిస్తే, డబ్బు కట్టేముందు ఆ యూనివర్సిటీలకో, మీ ఊరి పశువైద్యశాలకో వెళ్లి అడగండి. పనిలో పనిగా, ఓ పూట అక్కడే ఉండి చూడండి. ఆ వాసనా, ఆ అరుపులూ భరించగలిగితే మిగతాది నేర్చుకోవచ్చు.