అడగందే అమ్మయినా పెట్టదు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కాని మన యిళ్ళలో జరుగుతున్నదేమిటి? పిల్లవాడు నోరు తెరవకముందే అమ్మ పాలు తెస్తుంది, అవ్వ బెల్లంముక్క పెడుతుంది, తాత బంతి అందిస్తాడు. అన్నీ అడగకుండానే దొరుకుతూవుంటే వాడికి మాటతో పనేమి?

మా మనవడికి రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేదు. మేము హోసూరు వాసులము. బడిలో తమిళం, అంగడిలో కన్నడం, యింట్లో తెలుగు. “యిన్ని భాషలు చెవిన పడబట్టే వాడికి మాట రాలేదు, తెలుగు మానేయండి” అని ఒక పెద్దమనిషి సలహా చెప్పారు. మాకు గుండె జల్లుమన్నది. తాతముత్తాతలనుంచి నిలుపుకొన్న భాష వీడితో ఆగిపోవలసిందేనా?

ముందు వైద్యునివద్ద చెవుల పరీక్ష చేయించాము. వినికిడి బాగున్నది. రెండుమూడు భాషలు వినడంవల్ల బిడ్డకు మాట ఆలస్యం కాదని ఆయన ధైర్యం చెప్పారు.

తరువాత ఒక సంగతి చదివాము. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనేవారు శిశుపాఠశాలలో 11 మంది పిల్లలపై చేసిన పరిశీలనను 1975లో ప్రకటించారు. పిల్లలు ఆటవస్తువు కోసం వచ్చినప్పుడు, అది ఎందుకు కావాలో కూడా వారిచేత చెప్పించి యిచ్చేవారు. క్రమంగా పిల్లలు ఎవరూ చెప్పించకుండానే పెద్ద వాక్యాలు మాట్లాడసాగారు. ముందు ఉపాధ్యాయులతో, ఆపైన తోటిపిల్లలతో.

మేమూ అదే పద్ధతి పట్టాము. బంతి కంటికి కనబడేటట్లు, చేతికి అందకుండా అలమర మీద పెట్టాము. ఉయ్యాల ఊపుతూ మధ్యలో ఆపి, అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు వాడి ముఖం చూసేవాళ్ళము. చెయ్యి చాచితే “ఊపు తాతా” అని మేమే అని, ఊపేవాళ్ళము. “ఊ” అన్నా అది మాటే! ఏమీ అనకపోయినా ఏడిపించలేదు. అన్నం, పాలు మాత్రం ఎన్నడూ పట్టి వుంచలేదు. ఆకలితో పందెం తగదు. అవ్వ పూలు కట్టేటప్పుడు వాడు ఏ పూవు ముట్టుకొంటే ఆ పూవు పేరే చెప్పేది.

మూడు నెలలు గడిచినవి. మొన్న మేము పత్రిక చదువుకొంటూవుంటే పంచె లాగి, “తాతా, బంతి ఇయ్యి” అన్నాడు. బంతి యిచ్చి కళ్ళు తుడుచుకొన్నాము.

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపని బిడ్డ మీ యింట వుంటే వైద్యునికి చూపించడంలో ఆలస్యం చేయకండి. తెలుగు మానకండి. బంతి అందించే చేతిని మాత్రం ఒక్క క్షణం ఆపి చూడండి.