నెలవంక చూశాక మేడ దిగకండి

అశోక్ నగర్ మేడల మీద నెలవంక కనిపించగానే దుఆ చేసి పిల్లలను దించేస్తాం. మరో పావుగంట ఉంచితే ఏం పోతుంది? చలికాలంలో మగ్రిబ్ తర్వాత చీకటి పడగానే తూర్పున గుత్తిగా మెరిసే కృత్తికలను చూపండి. ఉర్దూలో అదే సురయ్యా, మన ఆడపిల్లల పేరు! దాని వెనకే వచ్చే ఎర్రటి రోహిణిని అరబ్బులు ‘అల్ దబరాన్’ అన్నారు, అంటే వెంట వచ్చేది. ఇంగ్లీషు పుస్తకాల్లో నేటికీ అదే పేరు. మేము చదువు చెప్పే పిల్లలు దాన్ని ఇంగ్లీషు మాటే అనుకుంటారు.

ఈ నగరంలోనే 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన వేధశాల తర్వాత నిజామియా వేధశాలగా పేరు పొందింది. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం 1985లో వచ్చింది. అక్కడికీ తీసుకువెళ్ళండి, కానీ ముందు అసలు చుక్కలు చూపాకే. చంద్రుడు రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు. గడియారం చేతికిచ్చి వాళ్ళనే లెక్కగట్టమనండి.