పైన కార్పెట్... లోన తుప్పు!

పాత జీపు గోల తగ్గాలంటే కొత్త కార్పెట్ వేస్తే సరి... అనుకుంటారు చాలామంది. కానీ ఆ కార్పెట్ కింద ఏముందో చూడకుండా వేస్తే చప్పుడు తగ్గకపోగా బండి ఆయుష్షే తగ్గిపోతుంది!

స్టార్ట్ చేస్తే ఒళ్లంతా కుదుపు. వేగం పెరిగితే కాళ్ల కింద రేకు దడదడ. ముందు సీట్లో వాళ్లు మాట్లాడింది వెనక సీట్లో వాళ్లకి వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అయినా సరే, పాత జీపంటే ప్రాణం పెట్టేవాళ్లకి మనదగ్గర కొదవలేదు. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల్ని మనదేశంలో బిగించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కొండదారికీ చేలగట్టుకీ జీపే దిక్కయింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. జిప్సీ తయారీ ఆగిపోయినా, ఎంఎం 540 లాంటి పాత మహీంద్రాలు కొత్తగా రాకపోయినా, ఉన్నవాటిని ముస్తాబు చేసి తిప్పుకుంటున్న కుటుంబాలు ఎన్నో.

ఆ ముస్తాబులో రంగు తర్వాత అందరి చూపూ పడేది నేలమీదే. పాత మ్యాట్ పీకేసి మెత్తటి కార్పెట్ పరిచేస్తే కారులా ఉంటుందని ఆశ. అక్కడే వస్తుంది చిక్కు.

ఎక్కణ్నుంచి వస్తుందీ గోల?

జీపులో వినిపించే చప్పుడంతా ఒక రకం కాదు. మొదటిది వణుకు. ఇంజిన్, గేర్‌బాక్స్, పట్టీల స్ప్రింగులు... వీటి కుదుపు ఛాసిస్ నుంచి నేల రేకుకి చేరుతుంది. పలచటి రేకు డప్పు చర్మంలా మోగుతుంది. రెండోది గాల్లోంచి వచ్చేది. ఇంజిన్ మోత, సైలెన్సర్ శబ్దం, టైర్ల ఊళ రేకుని దాటుకుని లోపలికొస్తాయి. మూడోది సందుల్లోంచి దూరేది. గేర్ రాడ్ల చుట్టూ చిరిగిన రబ్బరు తొడుగు, వైర్లు వెళ్లే రంధ్రాలు, అరిగిన డోర్ రబ్బర్లు దీనికి రాచబాటలు.

ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకుంటారు కానీ, అసలు కత అంతా అక్కడే ఉంది. అడ్డుగోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందున్నా చాలు, ఆ గోడ ఎంత మందంగా ఉన్నా మొత్తమ్మీద ఆపగలిగే శబ్దం 20 డెసిబెల్స్ దాటదు. అంటే... వేలు పోసి పొరలు పరిచి, గేర్ రాడ్ దగ్గర చిరుగుని వదిలేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే!

ఇది సుఖానికి సంబంధించిన సంగతే కాదు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకు మించి ఉంటే వినికిడికి ముప్పని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ చెబుతోంది. మోత మరో 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గడువు సగానికి పడిపోతుంది.

నేల విడిచి సాము వద్దు

అందుకే కొత్త కార్పెట్ కొనడానికి ముందు చేయాల్సిన పని పాతది ఎత్తి చూడటం. సీట్లు విప్పి, కార్పెట్‌నీ దాని కింది ఫెల్ట్‌నీ పూర్తిగా తీసేయాలి. వెలుగుకి నిలబడి చూస్తే చాలా జీపుల్లో కనిపించేది ఒకటే- ఎర్రటి తుప్పు.

ఎందుకంటే నీళ్లు పైనుంచీ వస్తాయి, కిందనుంచీ వస్తాయి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలితే వాననీరు డాష్‌బోర్డు వెనకనుంచి కారి పాదాల దగ్గర చేరుతుంది. వాగు దాటినప్పుడు నేలకున్న రంధ్రాల్లోంచి ఎగదన్నుతుంది. తడి చెప్పులతో ఎక్కినా అంతే. పైన కార్పెట్ ఒక్కరోజులో ఆరిపోతుంది కానీ కింద ఉన్న ఫెల్ట్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుని వారాల తరబడి రేకుని తడిపే ఉంచుతుంది. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పైన పటారం, లోన లొటారం!

రేకు తినేస్తే పోయేది అందం ఒక్కటే కాదు. సీటు బోల్టులూ, చాలా బండ్లలో సీటుబెల్టు బోల్టులూ ఆ నేలనే పట్టుకుని ఉంటాయి. చిల్లుల్లోంచి సైలెన్సర్ పొగ లోపలికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఏసీ వేసుకుని అద్దాలు మూసుకున్న బండిలో అది ప్రాణాంతకం.

కాబట్టి స్క్రూడ్రైవర్‌తో నేలంతా తట్టి చూడాలి. ఖంగుమంటే ఫరవాలేదు. దిగబడితే ఆ భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. లప్పం పెట్టి రంగేస్తే మోసపోయేది బండి యజమానే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. డీజిల్ లేదా పెట్రోలు గొట్టాలు, వైర్లు ఎటు వెళ్తున్నాయో చూసుకోవాలి. నేలకి అంటుకున్న పాత తారుపొరని గీకేయాలి- నిప్పురవ్వ పడితే అది మండుతుంది. పైపైన తుప్పు ఉన్నచోట వైర్‌బ్రష్‌తో రుద్ది, ప్రైమర్ వేసి, ఆపైన పెయింటు వేయాలి. అది పూర్తిగా ఆరాక నేలమీదా అద్దాల మీదా నీళ్లు కొట్టి, ఎక్కడనుంచి కారుతోందో పట్టుకోవాలి. ఆ కారుడు ఆగేదాకా తర్వాతి పని ముట్టుకోకూడదు.

మూడు పొరల మర్మం

నేల గట్టిపడి, పొడిగా ఉంటే సగం పని అయినట్టే. ఇక పొరలు. చప్పుడు మూడు రకాలన్నాం కదా... సందుల్ని రబ్బర్లతో మూసేస్తే మిగిలిన రెండింటికీ మందు ఈ పొరల్లో ఉంది.

మొదటి పొర బ్యూటైల్ షీట్. ఒకవైపు జిగురు రబ్బరు, పైన అల్యూమినియం రేకు. దీన్ని నేలకి అతికించి రోలర్‌తో గట్టిగా ఒత్తితే రేకు వణుకుని తనలో ఇముడ్చుకుని వేడిగా మార్చేస్తుంది. అంగుళం వదలకుండా పరచాలన్న నియమం లేదు. ఒక్కో పలకలో బాగా మోగే మధ్యభాగం చూసి, నాలుగోవంతు కప్పినా చాలావరకు ఫలితం దక్కుతుంది. నీరు పోయే రంధ్రాల బిరడాల్ని మాత్రం కప్పకూడదు.

రెండోది క్లోజ్డ్ సెల్ ఫోమ్. దీని గదులన్నీ దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు పీల్చదు. పైనున్న బరువైన పొర రేకుని నేరుగా తాకకుండా మెత్తగా ఎడం చేస్తుంది. వేడిని కూడా కొంత ఆపుతుంది.

మూడోది బరువైన వినైల్ షీట్. గాల్లోంచి వచ్చే మోతని ఆపేది బరువే. చదరపు మీటరుకి సుమారు 5 కిలోలుండే ఈ షీట్‌ని ముఖ్యంగా ఇంజిన్ వెనక గోడకీ, పాదాల దగ్గరా, గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తు భాగానికీ వేస్తే మేలు. అతుకుల దగ్గర ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరచాలి.

అన్నిటికన్నా పైన కార్పెట్. నిజానికి చప్పుడు తగ్గించడంలో దాని వాటా కొంచెమే!

ఇవి మాత్రం వద్దు

చవగ్గా వస్తాయని ఇంటి పైకప్పులకి వాడే తారు షీట్లు వేయిస్తుంటారు. మన ఎండలకి మూసి ఉన్న బండి లోపల అవి మెత్తబడి, వాసనేస్తాయి, జారిపోతాయి. సోఫాల్లో పెట్టే స్పాంజి నీళ్లు పీలుస్తుంది. గోనె, దూది ఫెల్ట్‌లదీ అదే దారి. థర్మాకోల్ అయితే వేడికి కరుగుతుంది, తేలిగ్గా అంటుకుంటుంది. సైలెన్సర్ గొట్టం వెళ్లే చోట పైన ఏది వేసినా వేడికి తట్టుకునేదే అయ్యుండాలి. జిగురు పూసేటప్పుడు తలుపులన్నీ తెరిచి ఉంచాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు.

కార్పెట్టా... రబ్బరు మ్యాటా?

ఊళ్లో తిరిగే బండికి కార్పెట్ బాగుంటుంది. పొలానికీ, వాగులకీ వెళ్లే జీపుకి రబ్బరు లేదా వినైల్ మ్యాట్ మేలు. కడిగి, తుడిస్తే పోతుంది. అమెరికాలో జీప్ రాంగ్లర్ల నేలకి నీళ్లు వదిలేయడానికి బిరడాలు పెట్టింది కూడా తడుస్తుందని తెలిసే. ఏది వేసినా నేలకి జిగురుతో శాశ్వతంగా అతికించొద్దు. ముక్కలుగా కుట్టించి, ప్రెస్ బటన్లతో బిగిస్తే ఎప్పుడైనా ఎత్తి ఆరబెట్టుకోవచ్చు. కొలతలకి బెంగ అక్కర్లేదు. చిరిగిపోయినా సరే, పాత కార్పెట్టే అచ్చమైన నమూనా.

పెడళ్ల దగ్గర మరీ జాగ్రత్త. 2009లో టయోటా సంస్థ అమెరికాలో సుమారు 38 లక్షల వాహనాల విషయంలో హెచ్చరించి, వాటిని సరిచేయడానికి పూనుకుంది. కారణం- నేలమీది మ్యాట్ జరిగి యాక్సిలరేటర్‌ని పట్టేసే ప్రమాదం. అందుకే పని ముగిశాక ప్రతి పెడల్‌నీ అడుగుదాకా తొక్కి చూడాలి. అది తిరిగి స్వేచ్ఛగా పైకి రావాలి. సీటు, బెల్టు బోల్టుల కింద మెత్తటి పొరలు ఉండకూడదు. అక్కడ కోసేసి, రేకు మీదే గట్టిగా బిగించాలి.

ఎంత తగ్గుతుంది?

10 డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. పాత జీపులో అంత సాధించడం తేలిక కాదు. ఇంజిన్ మౌంటింగులు అరిగిపోయి, సైలెన్సర్ చిల్లు పడి ఉంటే ముందు అవి బాగుచేయించాలి. మడ్ టైర్ల ఊళ, గుడ్డ టాప్ టపటపలు ఎన్ని పొరలేసినా పూర్తిగా పోవు. కాకపోతే ఒళ్లు హూనం చేసే ఆ దడదడ, బుర్ర తినేసే ఆ గుంయ్‌మనే మోత తగ్గుతాయి. దూరప్రయాణం చేసి దిగాక తలనొప్పి లేకపోవడమే అసలైన కొలత.

ఇంకో లాభమూ ఉంది. సొంత వాహనానికి 15 ఏళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకీ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. నేల గట్టిగా ఉన్న బండికి ఆ రోజున బెంగ ఉండదు. ఏటా వానలు వెళ్లగానే ఓ ఆదివారం కార్పెట్ ఎత్తి, చేత్తో తడిమి చూస్తే చాలు. చెయ్యి పొడిగా ఉందంటే మరో ఏడాది జీపుకి ఢోకా లేనట్టే!